మేడబస్సు నియమం, పల్లెబస్సు బరువు

డబుల్ డెక్కరు బస్సును పత్రికలవారు రెండంతస్తుల బస్సు అంటారు. నాకు మాత్రం మేడబస్సు అనబుద్ధి వేస్తుంది. మేడ అనగానే కింద ఒక గది, పైన ఒక గది, నడుమ మెట్లు కళ్ల ముందు మెదులుతాయి గదా! ఈ మేడబస్సును గూర్చి రాసినవారందరూ దాని అందాన్ని గూర్చి, గతించిన దాని వైభవాన్ని గూర్చి రాశారు. నేను రాయదలచుకున్నది దాని నియమాన్ని గూర్చి. ఆ నియమంలో ఒక వివేకం దాగి ఉంది. ఆ వివేకం మా కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెబస్సుదాకా రాలేదనీ, రాకపోవడం వల్ల ప్రాణాలు పోయినాయనీ నా అభిప్రాయం. (2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలూ పలు జిల్లాలుగా విడిపోయినాయి. ఈ టపాలో ఆ పేర్లను పాత అర్థంలోనే వాడుతున్నాను. పాతికేళ్ల అలవాటు ఒక జీవోతో పోదు.)

ముందుగా కొంచెం చరిత్ర. నిజాం రాజ్యంలో రైల్వేశాఖకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలపురుషుడు అదే. ఆ వంశంలో పుట్టిన మేడబస్సులు హైదరాబాదు, సికింద్రాబాదు వీధుల్లో దశాబ్దాల తరబడి తిరిగి 2003లో సెలవు తీసుకున్నాయి. ఆ తరువాత ఇరవయ్యేళ్లకు, 2023 ఫిబ్రవరిలో, విద్యుత్తుతో నడిచే కొత్త మేడబస్సులు మూడు హుసేన్‌సాగరు పరిసరాల్లోకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో బొంబాయివారు తమ పాత డీజిలు మేడబస్సులలో చివరిదానికి పూలమాలలు వేసి వీడ్కోలు పలికారు. అక్కడ అవి 1937 నుండి ఉన్నాయి. వెళ్లిపోయిన బస్సుకోసం జనం కన్నీరు పెట్టుకున్న సందర్భాలు లోకంలో అరుదు. మేడబస్సుకు ఆ గౌరవం దక్కింది.

ఇక నియమం సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) ప్రకారం మేడబస్సు ఎత్తు 4.75 మీటర్లు దాటరాదు. వెడల్పు 2.6 మీటర్లకు మించరాదు. అంటే వెడల్పుకు దాదాపు రెండింతల ఎత్తు. గడ్డిబండి కట్టిన రైతునెవరినైనా అడగండి, ఆ కొలతలు వినగానే కనుబొమలు ముడిచి, "మలుపుల కాడ పైలం" అంటాడు. బండికి ఎంత గడ్డి వేశామన్నది ఒక లెక్క, ఎంత ఎత్తుకు వేశామన్నది మరొక లెక్క. ఎడ్లు లాగలేక ఆగిన బండికంటె, ఎత్తు ఎక్కువై గండి దగ్గర ఒరిగిన బండ్లే ఊళ్లో ఎక్కువగా గుర్తుంటాయి.

లండను నగరంలో మేడబస్సుకు ఒరుగు పరీక్ష పెడతారు. పై అంతస్తు నిండా మనుషుల బరువుకు సమానంగా బరువులు వేసి, కింది అంతస్తును ఖాళీగా ఉంచి, బస్సును ఒక పక్కకు 28 డిగ్రీలదాకా వంచుతారు. అప్పటికీ అది పడిపోకూడదు. గమనించవలసినదేమంటే, బస్సు అతి క్షేమంగా ఉండే స్థితిలో ఈ పరీక్ష జరుగదు. పైన నిండుగా, కింద ఖాళీగా, అంటే అతి ప్రమాదకరమైన స్థితిలోనే జరుగుతుంది. అంతటితో ఆగక, పై అంతస్తులో ఎవరూ నిలబడి ప్రయాణించరాదని అక్కడ చట్టమే చేశారు. బొంబాయి పాత మేడబస్సుల్లో కింద ఒక కండక్టరు, పైన ఒక కండక్టరు ఉండేవారు. పైన ఎందరున్నారో చూసుకునే పని పైవాడిది. డ్రైవరు ముందు చూపు చూసుకుంటాడు.

మేడబస్సు వివేకం అంటే ఇదే. బండి ఎత్తు పెరిగినకొద్దీ, దాన్ని నింపేవాడి మీద, నిర్మించేవాడి మీద, దారి నిర్ణయించేవాడి మీద కూడ నియమం పడింది. స్టీరింగు పట్టినవాడొక్కడే బండికి కర్త కాడని ఆ నియమం చేసినవారికి తెలుసు.

ఇప్పుడు మా జిల్లాలకు వద్దాం. మా ప్రాంతపు మేడబస్సులు వేరే రకం. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు ఏజెన్సీ గ్రామాల్లో జీపు లోపల నిండిన తరువాత జనం జీపు పైకి ఎక్కుతారు. అంగడి రోజున, జాతర రోజున ఆ దృశ్యం చూడని ఆదిలాబాదువాసి ఉండడు. లోపలొక అంతస్తు, పైనొక అంతస్తు. దానికి 4.75 మీటర్ల నియమం లేదు, ఒరుగు పరీక్ష లేదు, పైన కండక్టరు లేడు. ఇక పల్లెవెలుగు బస్సులో సీట్లు నిండాక నిలబడేవారు, వారు నిండాక మెట్లమీద వేలాడేవారు. కూర్చున్న మనుషుల బస్సొకటి, దాని మీద నిలబడ్డ మనుషుల బస్సొకటి, రెండూ ఒకే రేకు గదిలో. ఇది కూడ మేడబస్సే, మేడ మాత్రం కంటికి కనబడదు.

కనబడని ఆ మేడ ఎంత బరువో లెక్క వేద్దాం. బస్సులో ఉండవలసినవారికంటె యాభైమంది ఎక్కువ ఎక్కారనుకోండి. ఒక్కొక్కరు సగటున 55 కిలోలైతే మొత్తం రెండు టన్నుల ముప్పాతిక. ఆ బరువంతా నిలబడి ఉన్నది, కనుక బస్సు బరువు కేంద్రం పైకి జరుగుతుంది. మలుపు తిరిగినప్పుడు ఆ మనుషులంతా ఒక పక్కకు తూలుతారు. దిగుడు దారిలో ముందుకు తూలుతారు. అదనంగా చేరిన ప్రతి కిలో బ్రేకు డ్రమ్ముకు అదనపు వేడి. సమతలంలో ఇవేవీ పెద్దగా తెలియవు. గుట్ట దిగేటప్పుడు తెలుస్తాయి.

2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొండగట్టు ఆంజనేయస్వామికి ప్రీతికరమైన వారం. కొడిమ్యాల మండలం శనివారంపేట నుండి జగిత్యాలకు బయలుదేరిన ఆర్టీసీ బస్సు పల్లెల్లో జనాన్ని ఎక్కించుకుంటూ కొండగట్టు మీదుగా వచ్చి, ఘాటు రోడ్డు దిగుతూ, దాదాపు కిందికి చేరుకున్న తరువాత చివరి మలుపు వద్ద అదుపు తప్పి లోయలో పడింది. సీట్ల సంఖ్యకు దాదాపు రెట్టింపు మంది, అంటే సుమారు వందమంది, అందులో ఉన్నారు. అరవైమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. బస్సు పడిన దెబ్బకంటె, ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయినవారు అనేకులు. డ్రైవరు కూడ పోయినాడు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగరు, డబ్బుతిమ్మయ్యపల్లె, ఇలా చుట్టుపక్కల ఊళ్లలో ఒకేరోజు వాడవాడకూ చావు వచ్చింది. తెలుగునాట బస్సు ప్రమాదాల చరిత్రలో ఇంతటి ఘోరాలు బహు కొద్ది.

ఆ తరువాత జరిగినది మనకు అలవాటైనదే. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం అయిదు లక్షల వంతున ప్రకటించింది. డిపో మేనేజరును సస్పెండు చేశారు. బ్రేకులు పోయినాయా, డ్రైవరు తప్పా, బస్సు పాతదా అన్న చర్చ కొన్నాళ్లు నడిచింది. ఆ చర్చ అవసరం లేదని నేననను. కాని ఆ మూడు ప్రశ్నలకూ ముందు వేయవలసిన ప్రశ్న వేరే ఉంది. వందమందితో నిండిన బస్సు ఆ గుట్ట దిగవచ్చునని ఎవరు నిర్ణయించారు? ఏ కాగితం మీద, ఏ అధికారి సంతకంతో నిర్ణయించారు? అటువంటి నిర్ణయం ఎవరూ చేయలేదన్నదే నాకు తోచే సమాధానం. ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్కరుగా ఎక్కుతూ పోయినారు, బస్సు నిండుతూ పోయింది, గుట్ట వచ్చింది. ఎవరూ నిర్ణయించని దాని భారమంతా చివరి మలుపు దగ్గర డ్రైవరు పాదం కింద బ్రేకు మీద పడింది.

పెద్ద బండ్ల విషయంలో మన నియమాలను వరుసగా చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. రవాణా వాహనం నడపడానికి ఇరవై ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాదిపాటు చిన్న వాహనపు లైసెన్సు కలిగి ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఒకటి ఉండేది, 2019లో తీసివేశారు. అదే ఏడాది సవరణతో రవాణా లైసెన్సు గడువు మూడేళ్లనుండి అయిదేళ్లయింది. 2025దాకా అమలులో ఉండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభయ్యెనిమిది గంటలు మించి పనిచేయరాదని ఉండేది. కొండదారిలో రెండు బండ్లు పట్టనిచోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఇవన్నీ మంచి నియమాలే. వీటిలో ఒక్క పని గంటల నియమం తప్ప తక్కినవన్నీ బండి నడిపేవాడి అర్హతను, ప్రవర్తనను కొలుస్తాయి.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్ఫయ్యేళ్లు లారీ నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. నాగపూరు రోడ్డు మీద నిర్మలు దాటిన తరువాత వచ్చే మహబూబ్ ఘాటును ఎన్నిసార్లు ఎక్కి దిగినాడో ఆయనకే లెక్క లేదు. పెద్ద బండ్లను గూర్చి నాకు తెలిసిన కాసింత ఆయన చలవే.

"ఏ గేర్ల ఎక్కినవో గదే గేర్ల దిగాలె బిడ్డా. బ్రేకును నమ్ముకొని దిగెటోనికి సగం గుట్ట కాడ బ్రేకుండది," అన్నాడు ఒకసారి.

"మరి లోడు ఎక్కువైతే ఎట్ల కాకా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "ఎన్నడు తక్కువైందిరా? లోడు నింపెటోడు ఒకడు, కాటా చూసెటోడు ఇంకొకడు. నా చేతికి తాళంచెయ్యి ఒక్కటే అచ్చేది," అన్నాడు.

నా వాదమంతా ఆ చివరి మాటలో ఇమిడి ఉంది. పెద్ద బండిలో డ్రైవరు చేతికి వచ్చేది తాళంచెయ్యి ఒక్కటే. బండి ఎంత నిండాలి, ఏ దారిన పోవాలి, ఎన్నాళ్లు నడిచిన బండిని ఆ దారిన పంపాలి, ఇవన్నీ తాళంచెయ్యి చేతికి రాకముందే వేరెవరో తేల్చివేస్తారు.

"కాదు, డ్రైవరు ఒప్పుకోకపోతే బండి కదలదు గదా!" అనవచ్చును మీరు. నిజమే. కాని అలా ఒప్పుకోనివాడి గతి ఏమవుతుందో కూడ ఆలోచించాలి. లారీ డ్రైవరైతే మర్నాడు ఆ సీట్లో మరొకడుంటాడు. బస్సు డ్రైవరైతే బయట నిలబడిన జనంతో తగవు, లోపల పై అధికారితో సంజాయిషీ. ఒక మనిషి ధైర్యం మీద ఆధారపడిన క్షేమాన్ని నియమం అనరాదు.

ఇక ఆర్టీసీ లెక్కలను గూర్చి ఒక మాట. ఆర్టీసీతో పరిచయం ఉన్నవారికి మూడు పొడి అక్షరాల మాటలు తెలిసే ఉంటాయి. ఓ.ఆర్. అంటే సీట్లలో ఎంతవంతు నిండినవి అన్న లెక్క. కె.ఎం.పి.ఎల్. అంటే లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినవి అన్న లెక్క. ఇ.పి.కె. అంటే కిలోమీటరుకు ఎంత రాబడి అన్న లెక్క. డిపో మంచిచెడ్డలను ఈ మూడింటితో తూస్తారు. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థకు ఈ లెక్కలు ఉండవలసినవే. కాని చూడండి, ఓ.ఆర్. నూరు దాటితే అది ఘనత. నూట యాభై అయితే మరింత ఘనత. ఎక్కడ ఆ ఘనత ప్రమాదంగా మారుతుందో చెప్పే గీత ఆ లెక్కలో లేదు. ఒకే అంకె సమతలంలో పండుగ, గుట్టమీద చావు కబురు. ఈ తేడా తెలియని కొలత ఎంత కచ్చితమైనదైనా గుడ్డిదే.

విచిత్రమేమంటే, బస్సులో ఎందరున్నారో ఈనాడు సంస్థకు తెలియకపోవడం లేదు. కండక్టరు చేతిలోని టికెట్ల యంత్రం ప్రతి స్టేజీ దగ్గర ఎక్కినవారినీ, వారు దిగవలసిన చోటునూ గుర్తుంచుకుంటుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చిన తరువాత పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించే స్త్రీలకు కూడ జీరో టికెట్టు ఇస్తున్నారు. అంటే పైసా ఇవ్వని ప్రయాణికురాలు కూడ ఆ యంత్రంలో లెక్కకు వస్తుంది. (ఆ పథకాన్ని గూర్చి నాకు పేచీ లేదు. కూలికీ, ఆసుపత్రికీ, చదువుకూ ఆడవాళ్లు ఇల్లు కదలగలగడం మంచి సంగతి. వారు కదిలినందుకు తగినన్ని బస్సులు కదలాలన్నదే నా కోరిక.) రాబడి కోసం లెక్కించే ఆ సంఖ్యనే క్షేమం కోసం కూడ చదవవచ్చు గదా? పరిమితికి మించి ఇంతమంది ఎక్కారని యంత్రం డిపోకు తెలిపి, ఆ స్టేజీకి మరొక బస్సు పంపే ఏర్పాటు ఉంటే, అది మేడబస్సు పై అంతస్తు కండక్టరు చేసిన పనే.

చట్టం కూడ ఈ మాట చెప్పకనే చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194-ఎ అని ఒక కొత్త సెక్షను చేర్చారు. అనుమతికి మించి ప్రయాణికులను ఎక్కించుకున్న రవాణా వాహనాన్ని నడిపినవాడికే కాక, అలా నడవడానికి కారకుడైనవాడికీ, నడవనిచ్చినవాడికీ అది వర్తిస్తుంది. అదనపు ప్రయాణికుడొక్కరికి రెండువందల రూపాయల వంతున జరిమానా. ఇంకా ముఖ్యమైనది ఆ సెక్షను చివరన ఉంది. అదనపు ప్రయాణికులను దింపి, వారికి మరొక వాహనం ఏర్పాటు చేసేవరకు ఆ బండిని కదలనివ్వరాదు. కారకుడు, కదలనిచ్చినవాడు, ప్రత్యామ్నాయం. మా లారీ పెద్దాయన తన భాషలో చెప్పిన మాటలే చట్టం తన భాషలో చెప్పింది. ఆచరణలో మాత్రం ఆ మూడింటిలో మొదటివాడూ రెండవవాడూ మరుగున ఉంటారు, మూడవది మాటకే రాదు. చలానా అందుకునేది చక్రం పట్టినవాడే.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. దానిని దాటవేయడం నాకు ఇష్టం లేదు. రోజుకు రెండు ట్రిప్పుల బస్సు మాత్రమే ఉన్న ఊళ్లో, నిండిపోయిందని దాన్ని ఆపకుండా పోనిస్తే, ఆ ఊరివారు ఏమి కావాలి? జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకున్న తల్లికి పరిమితి సంగతి చెప్పగలమా? బస్సు పోతే ఆమె ఎక్కేది ఆటో, లేదా పైకప్పు మీద మనుషులున్న జీపు. అవి బస్సుకంటె క్షేమమా? ఈ ఆక్షేపణకు బలం ఉంది. అందుకనే "ఎక్కనివ్వకండి" అని మాత్రమే చెప్పే నియమం పల్లెల్లో నిలువదు. అది క్రూరమవుతుంది, లేదా కాగితానికే పరిమితమవుతుంది. చట్టం ప్రత్యామ్నాయ వాహనాన్ని గూర్చి చెప్పింది ఈ కారణం చేతనే. దింపే అధికారం ఎవరికి ఉన్నదో, మరొక బండి పంపే బాధ్యత కూడ వారికే ఉండాలి. బాధ్యత లేని అధికారం కండక్టరు చేతిలో పెడితే అతడు జనం చేతిలో తిట్లు తింటాడు. అంతకుమించి జరిగేదేమీ ఉండదు.

ఇటువంటి ఏర్పాటు ఊహాలోకంలోనిదని ఎవరైనా అనుకుంటే, వారిని రామగుండం బొగ్గు గనుల దగ్గరకు తీసుకుపోతాను. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో వంద టన్నుల డంపర్లు తిరుగుతాయి. వాటి ముందు మన మేడబస్సు బొమ్మబండి. ఆ గనిలో దారి ఎంత వెడల్పు ఉండాలో, ఎంత వాలు ఉండవచ్చునో, అంచున ఎంత ఎత్తు కట్ట పోయాలో అన్నిటికీ నియమాలున్నాయి. సాధారణంగా ఆ దారి వాలు పదహారుకు ఒకటి మించరాదు. రాకపోకల నియమాలు రాసి అమలు జరపవలసిన బాధ్యత గని మేనేజరుది. ప్రమాదం జరిగితే డంపరు నడిపినవాణ్ణి ఒక్కణ్ణి ప్రశ్నించి ఊరుకోరు. దారి ఎవరు వేశారు, పంపినది ఎవరు, బండిని ఎవరు తనిఖీ చేశారు అని అడుగుతారు. గనుల్లో ప్రమాదాలు లేవని నేననడం లేదు. సింగరేణి చరిత్రలో కన్నీళ్లు చాలానే ఉన్నాయి. కాని అక్కడ ప్రశ్న ఎవరిని అడగాలో తెలుసు. అదే బొగ్గు టిప్పరులోకెక్కి గని గేటు దాటి మంచిర్యాల రోడ్డు మీదికి రాగానే ఆ బాధ్యతల గొలుసంతా తెగిపోయి, ఒక్క డ్రైవరు మిగులుతాడు. గేటుకు లోపలా బయటా బొగ్గు బరువు మారదు. బాధ్యత మాత్రమే మారుతుంది.

కరీంనగరు గ్రానైటు సంగతీ అంతే. మా గుట్టలనుండి కోసి తీసిన రాతి దిమ్మెలు లారీలకెక్కి రైలు స్టేషనుకూ, అక్కడినుండి ఓడరేవులకూ పోతాయి. దిమ్మెను కొలిచేవారున్నారు, ధర కట్టేవారున్నారు, పన్ను లెక్కించేవారున్నారు. ఘనపు మీటర్లలో ఇంత తెలిసిన రాయి బరువు ఎంతో తేల్చడం ఎవరికీ కష్టం కాదు. అయినా లారీ మీద ఒకే దిమ్మె ఉన్నదా, రెండున్నాయా, గొలుసు గట్టిగా ఉన్నదా అన్న సంగతిని వెనుక వచ్చే మోటారు సైకిలువాడు తన ప్రాణభయంతో పరీక్షించుకోవలసి వస్తున్నది. 2018 జులైలో కేంద్రం సరుకు వాహనాల బరువు పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీకి 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు, మూడు ఇరుసులకు 25 నుండి 28.5 టన్నులకు. మోసే సత్తువ వాహనాలకు పెరిగింది కనుక అని కారణం చెప్పారు. కావచ్చును. మరి ఆ బరువు మోయవలసిన పల్లె వంతెనల, గుట్ట మలుపుల సత్తువ కూడ పెరిగిందా అన్నది ఎవరు చూడాలి?

2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నప్పుడు 19 మంది పోయినారు. టిప్పరులోని కంకర బస్సులోని మనుషులమీద కుప్పగా పడింది. ఆ చిత్రాలు చూసిన రోజున కొండగట్టు మళ్లీ జ్ఞాపకం వచ్చింది. అక్కడ మనుషుల బరువు, ఇక్కడ రాళ్ల బరువు. ఏడేళ్ల తరువాత కూడ చర్చ మొదలైంది ఆ ఉదయం ఎవరు ఎలా నడిపారన్న దగ్గరనే.

కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్ద బండి ప్రమాదానికి గురైనప్పుడు డ్రైవరు లైసెన్సుతోపాటు మూడు కాగితాలు కూడ అడగాలి. ఆ దారికి ఆ బండి తగినదని రాసిచ్చిన కాగితం, ఆ రోజున అందులో ఎంత బరువుండినదో తెలిపే కాగితం, ఆ బరువుతో పంపినవారి సంతకమున్న కాగితం. ఆ కాగితాలు ప్రమాదం తరువాత పుట్టేవి కాకూడదు, బండి కదలకముందే ఉండాలి. ఘాటు రోడ్డున్న ప్రతిచోట, అది కొండగట్టయినా, మహబూబ్ ఘాటయినా, పల్లెబస్సుకు అక్కడ నిలబడేవారి సంఖ్య వేరుగా నిర్ణయించి, గుట్ట ఎక్కేముందు స్టేజీలో లెక్క చూడాలి. ఎక్కువైతే అదనపు బస్సు వచ్చేవరకు ఆగే హక్కు డ్రైవరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఆలస్యం అతని ఖాతాలో పడకూడదు. ఇవేవీ కొత్త యంత్రాలను, వేలకోట్లను అడిగేవి కావు. ఉన్న లెక్కను ఉన్నచోట చదవమని అడిగేవి.

కరీంనగరుకు కూడ మేడబస్సు తేవాలని, మానేరు కట్టమీద తిప్పితే చూడముచ్చటగా ఉంటుందని ఈ మధ్య ఒక మిత్రుడు అన్నాడు. తెస్తే నేనూ ఎక్కుతాను. పై అంతస్తులో ముందు సీటులో కూర్చుని మానేరు నీళ్లను చూడాలని నాకు మాత్రం ఉండదా! అయితే ఆ బస్సులో పైన ఎవరూ నిలబడకుండా మనం జాగ్రత్తగా చూస్తాం, ఎందుకంటే అది కొత్తది, అందరి కళ్లూ దాని మీద ఉంటాయి. అదే ఉదయం కొడిమ్యాల వైపునుండి వచ్చే పల్లెవెలుగు మెట్లమీద ఎందరు వేలాడుతున్నారో కూడ అంత శ్రద్ధగా చూడగలిగితే, మేడబస్సు మన ఊరికి వచ్చినందుకు నిజమైన ప్రయోజనం ఉంటుంది.

మీలో రవాణాశాఖలోనో, ఆర్టీసీలోనో, గనుల్లోనో పనిచేసిన అనుభవజ్ఞులు ఉండే ఉంటారు. డిపోల్లో అదనపు రద్దీని నమోదు చేసే పద్ధతి ఏ రూపంలోనైనా ఎక్కడైనా అమలులో ఉండి, అది ఫలించి ఉంటే, దయచేసి వివరంగా రాయగలరు. వాదించడానికి కూడ స్వాగతం.